నలభై నాలుగు అంగుళాలు

గ్యాలరీలో పనివాళ్ళు ఆమెను ఎదురుగా ‘మేనేజరమ్మా’ అని పిలిచేవారు. వెనకాల మాత్రం ‘యాభై ఎనిమిది’ అనేవారు. అది ఆమె వయసనుకునేరు, కాదు. వయసు అప్పటికి నలభై ఆరే. గోడకు బొమ్మ తగిలిస్తే దాని నడిమధ్య నేల నుంచి సరిగ్గా యాభై ఎనిమిది అంగుళాల ఎత్తున ఉండాలి, అంటే నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా. ఆ వృత్తిలో చాలామంది పాటించే లెక్కే అది. కానీ ఈవిడ పాటించినట్టు ఇంకెవరూ పాటించి ఉండరు. పావంగుళం తేడా వచ్చిందా, బొమ్మ దింపించి, మేకు పీకించి, మళ్ళీ కొట్టించేది. పనివాళ్ళ తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ పట్టుదల ఊరికే రాలేదు లెండి. పందొమ్మిదేళ్ళ కిందట ఆమె ఆ గ్యాలరీకి టైపిస్టుగా వచ్చింది, అదీ మూడు నెలల కోసం. ఒకప్పుడు నూలు బేళ్ళు దాచిన గోదాము అది. ఎవరో పెద్దమనుషులు నలుగురు కలిసి ట్రస్టు పెట్టి, గోడలకు సున్నం కొట్టించి, బొమ్మలు చూపించే చోటుగా మార్చారు. అమ్మకాలు లేవు, టికెట్టు లేదు. ఎవరైనా రావచ్చు, చూడొచ్చు, ఎండగా ఉంటే కాసేపు నీడపట్టున నిలబడి పోవచ్చు. ఈమె చేరిన రెండో నెలలో బొమ్మలు తగిలించే ఆయన జ్వరంతో మంచమెక్కాడు. ప్రదర్శన మర్నాడే. టైపిస్టు తనే సుత్తి పట్టుకుని కంటి అంచనాతో తొమ్మిది బొమ్మలు కొట్టేసింది. మర్నాడు చిత్రకారుడు వచ్చి గది మధ్యలో నిలబడి, ‘ఇవి నా బొమ్మలా, తీగ మీద ఆరేసిన బట్టలా?’ అని అడిగాడట. ఆ మాట ఆమెకు ఎంత గట్టిగా తగిలిందంటే, ఆ సాయంత్రమే బజారుకెళ్ళి ఒక టేపూ, వంకర పట్టిచ్చే ఒక లెవెల్ బద్దా కొనుక్కుంది. ఆ తర్వాత ఇంక కంటిని నమ్మలేదు. టేపునే నమ్మింది.

మేనేజర్ అంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే ఉద్యోగం అనుకుంటే పొరపాటే. ఏడాదికి ఎనిమిది ప్రదర్శనలు. ప్రతి ప్రదర్శనకీ ముందు గోడల పాత చిల్లులు పూడ్చి రంగు వేయించాలి, వచ్చిన బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పి ఎక్కడ గీత పడిందో ఎక్కడ నలిగిందో కాగితం మీద రాసుకోవాలి, చీటీలు అచ్చు వేయించాలి, దీపాలు తిప్పించాలి. ఇవి కాక పై అంతస్తులో ఒక గది ఉంది. అందులో ఒక్కో కళాకారుడు ఆరు వారాలు ఉండి పనిచేసుకోవచ్చు. ఆ గదిలోకి వచ్చినవాళ్ళ కథలు చెప్పుకుంటే తెల్లారిపోతుంది. ఒకాయన అయిదు వారాలు నిద్రపోయి, ఆరో వారంలో ‘ఇంకో ఆరు వారాలు ఇప్పించండి, ఇప్పుడే మెలకువ వచ్చింది’ అన్నాడు. ఇంకొకావిడ శిల్పానికని తడి మట్టి మెట్ల మీదుగా బస్తాలు బస్తాలు ఎక్కించి, మెట్లన్నీ జారుడుబల్ల చేసి పెట్టింది. శనివారం పిల్లల క్లాసు, ఆదివారం కళాకారులతో ముచ్చట. వాన పడితే ముచ్చటకు జనం రారు. అలాంటి రోజున మేనేజరమ్మ తన ఇంటిల్లిపాదినీ లాక్కొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టేది. ఆమె భర్త స్కూలు బస్సు నడుపుతాడు. పాపం, ఆయనకు తెలిసినంత కళ ఆ ఊళ్ళో ఇంకే డ్రైవరుకీ తెలిసి ఉండదు.

ఇంత చేసినా, ఒక్కటి మాత్రం పందొమ్మిదేళ్ళలో ఆమెకు తట్టలేదు. అది తట్టిన వారం సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ఆ ఏడు, సొంతంగా మొదటి ప్రదర్శన పెట్టుకునే కళాకారుల నుంచి దరఖాస్తులు పిలిచారు. ఎంపికైనవాళ్ళకి పెద్ద హాలు మూడు వారాలు ఇస్తారు. ముగ్గురు కూర్చుని ఎంపిక చేశారు. వాళ్ళలో పెద్దాయన ట్రస్టు అధ్యక్షుడు, రిటైరైన కళ్ళ డాక్టరు. ముప్పయ్యేళ్ళు జనం కళ్ళలోకి లైటు వేసి చూసినవాణ్ణి, నా కంటికి ఆనితేనే లెక్క అనుకునే మనిషి. వచ్చిన ఫోటోల్లో ఒకావిడ బొమ్మలు ముగ్గురికీ ఒక్కమాటగా నచ్చాయి. అన్నీ ఇళ్ళ లోపలివీ, ఆఫీసుల లోపలివీ. ఆసుపత్రి కౌంటరు, బ్యాంకు కిటికీ, లిఫ్టు లోపల, వంటగది గట్టు. హాలు ఆవిడకే అన్నారు.

మేనేజరమ్మ ఆవిడకు ఫోన్ చేసింది. ఆవిడ సంతోషించింది గానీ మాట పొదుపు. ఒకసారి వచ్చి హాలు చూసుకోండి అంటే వీలుకాదండీ అంది. పోనీ నేనే మీ ఇంటికొచ్చి బొమ్మలు చూస్తానంటే, ఫోటోలు పంపానుగా అంది. ప్రారంభోత్సవానికైనా వస్తారుగా అంటే అదీ చెప్పలేనంది. మేనేజరమ్మకు ఒళ్ళు మండింది. ఇంకా మొదటి ప్రదర్శనైనా కాలేదు, అప్పుడే ఇంత బెట్టా అనుకుంది. ఆ మాట పైకి అనలేదు గానీ, ఫోన్ కాస్త గట్టిగానే పెట్టేసింది.

సోమవారం వ్యాన్‌లో పదిహేడు బొమ్మలు దిగాయి. ఒక్కొక్కటీ నిలువు అయిదడుగుల పైనే. మంగళవారం పొద్దున మేనేజరమ్మ గోడ పొడవునా యాభై ఎనిమిది అంగుళాల దగ్గర దారం కట్టించి పని మొదలెట్టింది. బొమ్మలు మోసి తగిలించేది వడ్రంగీ, ఆయన తెచ్చుకున్న ఇద్దరు కూలీలూ. వడ్రంగిని ఆమె బాబాయ్ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. సుత్తి పట్టడం నేర్పింది ఆయనే, అంతే. సాయంత్రానికి పదకొండు తగిలించారు. ఆమె గది మధ్యలోకి వచ్చి నిలబడి చూసింది.

ఫోటోల్లో అంత ముచ్చటగా ఉన్న బొమ్మలు గోడ మీద ఎక్కి కూర్చున్నాక అడ్డదిడ్డంగా ఉన్నాయి. బల్లలు మనుషుల మీద పడేలా ఉన్నాయి. కౌంటర్లు గోడల్లా లేచాయి. మనుషుల నడుములూ మోచేతులూ చేతిసంచులూ పెద్దవిగా ఉండి, మొహాలు ఎక్కడో పైన గింజంత ఉన్నాయి. నేలైతే గాల్లో తేలుతోంది. చెయ్యి తిరిగినవాళ్ళు వేసినట్టే ఉంది, చూపు మాత్రం వంకరగా ఉంది. టేపూ, లెవెల్ బద్దా పెట్టి అన్నీ మళ్ళీ కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు.

సరిగ్గా అప్పుడే కళ్ళ డాక్టరు గారు వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బొమ్మ ముందూ ఆగి, ఒక్కో నిట్టూర్పు విడిచి, చివరికి ఆమె దగ్గరికొచ్చారు. ఈవిడకి కొలతలు రావమ్మా, ఫోన్‌లో చిన్నగా చూసి మోసపోయాం అన్నారు. తనూ ఎంపిక చేసినవాళ్ళలో ఒకడినన్న ఉక్రోషం ఆయనది. పిలుపులు వెళ్ళిపోయాయి, శనివారం అయిదింటికి పెద్దవాళ్ళొస్తారు, ఇది చూసి నవ్వుతారు. శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ వస్తాననీ, ఇలాగే ఉంటే ఇవన్నీ పై నడవలోకి మార్చి హాల్లో ట్రస్టు వాళ్ళ పాత కొండల బొమ్మలు పెట్టేద్దామనీ చెప్పి వెళ్ళిపోయారు. పై నడవ అంటే బాత్రూముల దారి. అక్కడ బొమ్మ పెట్టడం కంటే అసలు పెట్టకపోవడమే మర్యాద. మొదటి ప్రదర్శన అక్కడ పెట్టించుకున్న మనిషికి రెండో ప్రదర్శన ఉండదని మేనేజరమ్మకు బాగా తెలుసు. అయినా ఏమని వాదిస్తుంది? తన కంటికీ అలాగే కనిపిస్తుంటే!

బుధవారం పొద్దున ఆమె హాల్లో ఒంటరిగా ఉంది. ఇంకా తగిలించని ఆరు బొమ్మలు నేల మీద స్పంజి దిమ్మెల మీద నిలబెట్టి, గోడకు ఆనించి ఉన్నాయి. వాటి కాగితాలు రాయాలి. నిలబడి నిలబడి నడుం పట్టేసింది. పిల్లల క్లాసు తాలూకు పొట్టి స్టూలు ఒకటి పక్కనుంటే దాన్ని లాక్కుని, ఆసుపత్రి కౌంటరు బొమ్మ ముందు కూర్చుంది. ఎడమ మూల చిన్న గీత అని రాసుకుని తలెత్తింది.

బొమ్మలోని నేల గదిలోని నేలతో కలిసిపోయింది. కౌంటరు ఆమె కళ్ళ ముందు లేచి నిలబడింది. దాని అంచు మీద నుంచి అవతలి ఉద్యోగిని పాపిడి మాత్రమే కనిపిస్తోంది. కాగితం పట్టుకున్న ఒక చెయ్యి కింద నుంచి పైకి చాచి ఉంది, ఎవరూ అందుకోవడం లేదు. మేనేజరమ్మకు తెలియకుండానే మెడ నిక్కింది, ‘ఏవండీ, ఇటు చూడండి’ అని ఆ పాపిడిని పిలవాలనిపించింది. లేచి నిలబడింది. బొమ్మ వంకరైపోయింది. కూర్చుంది. సరిగ్గా ఉంది. లేచింది, కూర్చుంది, లేచింది, కూర్చుంది. అప్పుడే లోపలికొచ్చిన వడ్రంగి, అమ్మకి మతి తప్పింది కాబోలని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె ఆయన్నీ లాక్కొచ్చి స్టూలు మీద కూలేసింది. ఆయన చాలాసేపు చూసి, “ఇప్పుడు సరిగా ఉందమ్మా” అన్నాడు.

ఆమె ఆ బొమ్మ ముందే నిలబడి చిత్రకారిణికి ఫోన్ చేసింది.

“మీరు బొమ్మలు ఎక్కడ కూర్చుని వేస్తారండీ?”

“ఎందుకడుగుతున్నారు?”

“ఇందాక స్టూలు మీద కూర్చుని చూశాను. నిలబడితే కనిపించనిది కూర్చుంటే కనిపించింది.”

“అంటే… మీకు కనిపించిందా?” ఆ గొంతులో బెట్టు లేదు. ఉన్నది భయమని మేనేజరమ్మకు అప్పుడు అర్థమైంది. “నేను చక్రాల కుర్చీలో ఉంటానండీ. తొమ్మిదేళ్ళప్పటి నుంచీ.”

ఆ తర్వాత ఆవిడ మొత్తం చెప్పింది. ఇంతకు ముందోసారి ఇంకెక్కడో పదిమంది బొమ్మలతో కలిపి తన బొమ్మ ఒకటి పెట్టారట. బొమ్మ పక్కన తన కుర్చీ గురించి బొమ్మంత బోర్డు రాశారట. వచ్చినవాళ్ళు బోర్డు చదివి, అయ్యో పాపం అని, బొమ్మ వంక చూడకుండానే ముందుకెళ్ళిపోయారట. ఆవిడ అది ఒక మూల నుంచి చూస్తూ ఉండిపోయిందట. అప్పటి నుంచీ ఎవరికీ చెప్పకూడదనుకుంది. ఎదురుగా వస్తే తెలిసిపోతుంది కాబట్టి రావడమే మానేసింది.

“ముందు బొమ్మలు చూడనివ్వండి మేడమ్. ఆ తర్వాత నన్ను చూసినా ఫర్వాలేదు. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి.”

“చెప్పను” అంది మేనేజరమ్మ. ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. బాధకంటే సిగ్గే ఎక్కువ. దరఖాస్తు కాగితం తయారు చేసింది తనే. బొమ్మ పొడవెంత, వెడల్పెంత, బరువెంత, వెనక కొక్కేలున్నాయా అని ఇరవై రెండు ప్రశ్నలు రాసింది. మీరు మా గుమ్మం ఎక్కగలరా అని ఒక్క ముక్క రాయలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే టేపు తీసింది. ఆమె అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వంటంతా కూర్చునే చేస్తుంది. ఆవిణ్ణి స్టూలు మీద కదలకుండా కూర్చోమని, నేల నుంచి కంటిదాకా కొలిచింది. తర్వాత భర్తను కూర్చోబెట్టి కొలిచింది. బట్టలు కుట్టిస్తావేమోననుకున్నానే అని ఆయన నవ్వాడు. పక్కింటి టీచరమ్మనూ, ఆవిడ కోసం వచ్చిన ఇద్దరు చుట్టాలనూ కూడా వదల్లేదు. అందరివీ కలిపి సగటు తీస్తే నలభై నాలుగు అంగుళాలు వచ్చింది. కోడలు చేసే ఉద్యోగమేమిటో అత్తగారికి ఏనాడూ పూర్తిగా అర్థం కాలేదు. ఆ రోజుతో ఆ కాస్త ఆశా వదులుకుంది.

గురువారం పొద్దున, పదకొండు బొమ్మలూ దింపమంది. వడ్రంగి చెవులు తనవేనా అని తడుముకున్నాడు. పందొమ్మిదేళ్ళు పావంగుళం ఒప్పుకోని మనిషివి, ఇప్పుడు పధ్నాలుగు అంగుళాలు దించమంటున్నావా అన్నాడు. అవునంది. డాక్టరు గారు ఒంటికాలి మీద లేస్తారన్నాడు. లేవనీ, కూర్చోబెడదాం అంది. ఆ తర్వాత ఇద్దరూ మాటలు కట్టిపెట్టారు. ఇరవై రెండు చిల్లులు పూడ్చి, లప్పం ఆరాక గీకి, తెల్లరంగు వేయాలి. పదిహేడు బొమ్మలకు ముప్పై నాలుగు కొత్త చిల్లులు వేయాలి. నలభై నాలుగు దగ్గర మొదటి గీత గీసే ముందు ఆమె మూడుసార్లు కొలిచింది. ఇది తప్పయితే ఈ గోడ మీద పరువు పోయేది తన ఒక్కదానిదే కాదు. బొమ్మలన్నీ గోడెక్కాక కూలీల చేత పై గది నుంచి స్టూళ్ళు దింపించి బొమ్మల ముందు వేయించింది. పొద్దు గుంకేసరికి పని అయింది. ఆమె చేతుల నిండా సుద్ద, తల నిండా సుద్ద. ఇల్లు చేరేసరికి పదేళ్ళు పెద్దదానిలా కనిపించిందని భర్త ఆటపట్టించాడు.

శుక్రవారం పన్నెండింటికి కళ్ళ డాక్టరు గారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. ఇదేమిటి, బొమ్మలు జారిపోయాయా అన్నారు. కావాలనే దించామంది. ఎందుకని అడిగారు. ఆమె చెప్పలేదు. మాట ఇచ్చింది మరి. కారణం అడిగితే చెప్పవు, చూస్తే ఇలా ఉంది, గ్యాలరీకొచ్చినవాళ్ళు నిలబడి చూస్తారా నేల మీద పాకుతారా అని ఆయన గొంతు పెంచారు. కొండల బొమ్మలు తెప్పించమని వడ్రంగికి చెప్పబోయారు. వడ్రంగి ఏదో వెతుక్కుంటున్నట్టు తన పనిముట్ల పెట్టెలోకి వంగిపోయాడు.

“ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి సార్” అంది మేనేజరమ్మ. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “కూర్చుని చూసి, అప్పుడు కూడా దించమంటే నేనే నా చేత్తో దించుతా. నిలబడి మాత్రం ఒక్కటి కూడా దించనివ్వను.”

పందొమ్మిదేళ్ళలో ఆమె ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు. ఆయన అటూ ఇటూ చూశారు, పిల్లల స్టూలు వంక చూశారు, మోకాలు పట్టుకుని మూలుగుతూ కూలబడ్డారు. ఎదురుగా ఉన్నది ఆసుపత్రి కౌంటరు బొమ్మ.

ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. వెనక్కి కట్టుకోవలసిన చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. ఆ చాచిన చెయ్యినీ, అందులోని కాగితాన్నీ, అటు తిరగని పాపిడినీ చూస్తూనే ఉన్నారు.

“నా క్లినిక్‌లో కౌంటరు ఇంత ఎత్తే ఉండేదమ్మా” అన్నారు చివరికి. “ముప్పయ్యేళ్ళు ఉంది. నేను ఎప్పుడూ ఇటువైపు నుంచి చూడలేదు.”

తర్వాత స్టూలు తీసుకుని బ్యాంకు కిటికీ దగ్గరికెళ్ళి కూర్చున్నారు. తర్వాత లిఫ్టు దగ్గరికి. బొత్తాలన్నీ అందనంత ఎత్తులో వెలుగుతున్న ఆ లిఫ్టు ముందు ఇంకా ఎక్కువసేపు కూర్చున్నారు. ఆవిడ కుర్చీలోనే ఉంటుందా అని మెల్లగా అడిగారు. నేనేమీ చెప్పలేదు సార్ అంది మేనేజరమ్మ. చెప్పలేదులే అని ఆయన తలాడించారు. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, తప్పు ఒప్పుకోవడం తెలిసిన మనిషాయన. లేస్తూ ఒక్కటే అడిగారు.

“మన గుమ్మానికి మెట్లెన్ని?”

“మూడు” అన్నాడు వడ్రంగి, పెట్టెలోంచి తలెత్తి. మెట్టుకు ఆరంగుళాలు, మొత్తం పద్దెనిమిది. అంగుళం ఎత్తుకు అడుగు చొప్పున, కుర్చీ ఎక్కడానికి వాలు పద్దెనిమిది అడుగులు రావాలి. శిల్పాలు పెట్టే పాత చెక్క దిమ్మెలు పనికొస్తాయి, పలకలు తన కొట్లో ఉన్నాయి, పొద్దున్నే నాలుగు కోసి కూడా పెట్టాడు. ఎవరు చెప్పారు నీకు అని మేనేజరమ్మ కళ్ళెర్రజేసింది. స్టూలు మీద కూర్చోబెట్టినప్పుడే బొమ్మ చెప్పిందన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పి, రేపు రమ్మంది. వెనకవైపు సామాన్ల దారేదైనా ఉందా, తను ఎక్కడికెళ్ళినా అటు నుంచే వెళ్తానంది చిత్రకారిణి. ఉంది గానీ దానికి తాళం వేసేశామనీ, ముందు గుమ్మం నుంచే రావాలనీ చెప్పింది మేనేజరమ్మ. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

శనివారం అయిదింటికి హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గర ఒకే ఒక్క చీటీ అంటించారు. దాని మీద ‘దయచేసి కూర్చుని చూడండి’ అని ఉంది. ఇస్త్రీ మడత నలక్కుండా వచ్చిన పెద్దమనుషులు మొదట మొహమొహాలు చూసుకున్నారు. ఇదేం చోద్యమని ఒకరిద్దరు సణిగారు. ముఖ్య అతిథిగా వచ్చిన కాలేజీ ప్రిన్సిపాలుకు స్వయంగా కళ్ళ డాక్టరు గారే స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆ తర్వాత సణుగుడు ఆగిపోయింది. కాసేపటికి హాల్లో ఉన్న డెబ్బై ఎనభై మందీ గుసగుసలు కూడా మాని, స్టూళ్ళ మీదా బెంచీల మీదా చివరికి నేల మీదా కూర్చుని, తలలెత్తి బొమ్మల్ని చూస్తున్నారు. ఒక పెద్దాయన లిఫ్టు బొమ్మ ముందు తనకు తెలియకుండానే చెయ్యెత్తి బొత్తాన్ని అందుకోబోయాడు. మేనేజరమ్మ ఆ చివర నిలబడి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు చోటు చూపిస్తూ, గుమ్మం వైపే చూస్తోంది. అయిదున్నరయింది. ఆరయింది. రాదేమోలే అనుకుని, ఇంకో నాలుగు స్టూళ్ళు తేవడానికి పైకెళ్ళింది.

ఆమె పైనుండగానే గేటు ముందు ఒక కారు ఆగింది. వడ్రంగి ఎదురెళ్ళాడు. చిత్రకారిణికి తోడొచ్చిన అక్కగారు కుర్చీ దింపబోతే సాయం పట్టాడు. వాలు మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు చిత్రకారిణి, తనే చక్రాలు తిప్పుకుంటూ పద్దెనిమిది అడుగులూ ఎక్కి, ముందు గుమ్మంలోంచి హాల్లోకొచ్చింది.

ఎవరూ తిరిగి చూడలేదు. చూడడానికేముంది? అందరూ కూర్చునే ఉన్నారు, ఆవిడా కూర్చునే ఉంది. వంటగది గట్టు బొమ్మ ముందు మేనేజరమ్మ అత్తగారు కూర్చుని, ఎవరైనా దొరికితే చెప్పుకుందామని అటూ ఇటూ చూస్తోంది. పక్కకొచ్చి ఆగినావిణ్ణి చూసి చటుక్కున స్టూలు జరుపుకుంది.

“ఇటు రామ్మా, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. చూశావా ఈ గట్టు? మా ఇంట్లోనూ ఇంతే, ఉప్పు డబ్బా ఎప్పుడూ చేతికి జానెడు దూరంలోనే ఉంటుంది. ఇది వేసిన మహాతల్లి ఎవరో గానీ, నా వంటింట్లో నా పక్కన కూర్చుని వేసినట్టుంది.”

చిత్రకారిణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంచెం తమాయించుకుని, “నేనే వేశానండీ” అంది.

ముసలావిడ చక్రాల వంక చూడలేదు. గబుక్కున వంగి ఆవిడ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు తిప్పి తిప్పి చూసింది. “ఈ చేతులేనా?” అంది. ఆ మాట హాలంతా వినిపించింది.

తలలన్నీ అటు తిరిగాయి. క్షణంలో సంగతి అందరికీ అర్థమైంది. దగ్గర్లో ఉన్న నలుగురైదుగురు లేచి నిలబడబోయారు. కళ్ళ డాక్టరు గారు రెండు చేతులూ కిందికి ఆడిస్తూ కూర్చోండి కూర్చోండి అని సైగ చేశారు. లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. కూర్చునే చప్పట్లు మొదలుపెట్టారు. ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకి హాలంతా మోగిపోయింది. ఎవరి మొహంలోనూ అయ్యో పాపం లేదు. ఎవరూ ఆవిణ్ణి వంగి చూడలేదు. మొదటిసారిగా ఒక గదినిండా జనం ఆవిడ కళ్ళలోకి సూటిగా చూస్తున్నారు. ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. ఎక్కడ చూడాలో తెలియక అందరినీ చూస్తోంది.

మేనేజరమ్మ నాలుగు స్టూళ్ళు చంకన పెట్టుకుని మెట్లు దిగి, అప్పుడే గుమ్మంలోకొచ్చింది. అంత పెద్ద హాల్లో నిలబడి ఉన్నది తనొక్కతే. గబగబా మూడు స్టూళ్ళు కింద పడేసి, నాలుగోది వేసుకుని దాని మీద కూర్చుంది. చిత్రకారిణి చూపు ఆమె మీద పడింది. ఇదివరకు ఒకరి మొహం ఒకరు చూసుకున్నవాళ్ళు కాదు, అయినా పోల్చుకున్నారు. మేనేజరమ్మ ముక్కు చీదుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.